గడప నుండి గడపకు

ఢిల్లీకిని హైదరాబాదునకును నడుమ ఆకాశమార్గమున సుమారు 1,250 కిలోమీటర్లు. విమానము దానిని రెండు గంటలకు కొంచెము మించిన కాలములో దాటుచున్నది. హైదరాబాదు విమానాశ్రయమున్న శంషాబాదు నుండి శ్రీశైలము చెంతనున్న సున్నిపెంటకు సుమారు 200 కిలోమీటర్లు. ఘాటురోడ్డున బస్సులో ఐదు గంటల ప్రయాణము. ఆరవవంతు దూరమునకు రెట్టింపు కాలము!

సున్నిపెంట 1963 జూలై 24న నెహ్రూ శ్రీశైలము ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసిన పిమ్మట, ఆనకట్ట పనివారికై పెరిగిన ఊరు. కృష్ణను కట్టి ఊరూర దీపములు వెలిగించిన ఆ పనివారి బిడ్డలు నేడు ఉద్యోగములకై దూరనగరములలో నున్నారు.

అట్టివారిలో మేమెరిగిన యొక యువకుడు తండ్రి మరణవార్త విని, ఢిల్లీలో విమానమెక్కి, రాత్రి ఎనిమిదింటికి శంషాబాదులో దిగెను. కారు మాటలాడుకొని మన్ననూరు చేరునప్పటికి పదకొండు దాటినది. అచ్చటి అడవి గేటును రాత్రి 9 గంటలకు మూసి, ఉదయము 6 గంటలకు గాని తెరువరు. ఢిల్లీ నుండి వచ్చుటకు పట్టిన కాలమునకు మూడింతలు ఆ గేటు ముందు గడచినది.

గేటును నిందింపరాదు. అది పులుల అభయారణ్యము. రాత్రి దారి మృగములది. ఆ నియమము నిలువవలసినదే.

కొత్త విమానాశ్రయములు వచ్చుచున్నవి కదా యందురా? 2021 మార్చిలో ఓర్వకల్లున ఒకటి ప్రారంభమైనది. పటముపై గీత గీచిన సున్నిపెంటకు 90 కిలోమీటర్లలోపే. కాని నల్లమల అడ్డముండుటచే పొరుగు జిల్లాలోని దోర్నాలకు దిగి, ఆత్మకూరు మీదుగా చుట్టి పోవలెను, దూరము రెట్టింపగును. జిల్లా కేంద్రమైన నంద్యాలకును ఇదే తిరుగుడు. 2024 నవంబరు 9న విజయవాడ నుండి నీటివిమానమొకటి పరీక్షార్థము వచ్చి శ్రీశైల జలాశయముపై వ్రాలెను. జనులు చూచి సంతసించిరి. సంతసింపదగినదే, కాని ఒకనాటి వేడుకతో ఊరికి దారి యేర్పడదు.

కావలసినవి చిన్నవి. అడవి గేటు వేళలను విమానాశ్రయమున తెలుగులో ప్రకటింపవలెను. గేటు వద్ద నిలిచిపోయినవారికి తలదాచుకొన చోటును, మంచినీరును ఉండవలెను. తెల్లవారి గేటు తెరచినంతనే కదలు బస్సొకటి యుండవలెను. వీనికి కోట్ల రూపాయలు అక్కరలేదు. ప్రయాణమును గడప నుండి గడపకు లెక్కించు బుద్ధి చాలును.

ఆ యువకుడు ఇల్లు చేరునప్పటికి ఉదయము తొమ్మిది కావచ్చినది. బంధువులు శవమును కదలింపక కాచియుండిరి. తల్లి అడిగినది ఒక్కటే మాట: “విమానములో వస్తినంటివి, ఇంత ఆలస్యమేమి నాయనా?” ఆ ప్రశ్నకు ప్రభుత్వము సమాధానము చెప్పవలసియున్నది.