తీరిక వేళ: నడిచే ఇల్లు

ఉద్యోగంలో చేరిన నాటినుండి నేను గీసిన ప్రతి గీతకూ ఒక ప్రయోజనం ఉన్నది. పైపు వంపు తిరిగినా, దూలం అడ్డంగా నిలిచినా, 'ఎందుకు?' అన్న ప్రశ్నకు కాగితంపై సమాధానం ఉండి తీరవలసినదే. ఇంజనీరుకు అది వృత్తిధర్మం. అయితే ఆ ధర్మాన్ని ఇంటికి కూడా మోసికొని రావడం వలన కలిగే నష్టాన్ని మాత్రం నేను చాలా ఆలస్యంగా గుర్తించాను.

గత సంవత్సరం క్వార్టరుకు రంగులు వేయించే సందర్భంలో అటక మీది సామాను దింపగా, మా అబ్బాయి చిన్ననాటి లెగో ఇటుకల పెట్టె బయటపడింది. దానితోపాటు ఇరవై ఏళ్లనాటి ఒక సాయంత్రం కూడా జ్ఞాపకం వచ్చింది. ఏడేళ్లవాడు ఇల్లు కట్టి, దానికి నాలుగు కాళ్లు తగిలించి, "నాన్నగారూ, ఇది నడిచే ఇల్లు. మీకు బదిలీ అయితే ఇంటితో సహా వెళ్లిపోవచ్చు" అన్నాడు. నేను కళ్లజోడు సవరించుకొని, "ఇళ్లు నడవవురా, వాటికి పునాది ఉంటుంది" అని చెప్పి, కాళ్లు ఊడదీసి, గోడ ఎలా పేర్చాలో చూపించాను. వాడు శ్రద్ధగానే విన్నాడు. ఆ తరువాత మాత్రం నన్ను ఆటకు పిలవలేదు.

ఆ రాత్రి పెట్టె ముందు కూర్చున్నాను. డెన్మార్కులోని బిలుండ్ గ్రామంలో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో కొయ్య బొమ్మలతో ప్రారంభించిన పని ఇది. పైన బుడిపెలు, లోపల గొట్టాలు ఉన్న నేటి ఇటుక రూపానికి 1958 జనవరి 28న ఆయన కుమారుడు గాడ్‌ఫ్రెడ్ పేటెంటుకు దరఖాస్తు చేశాడు. ఆనాటి ఇటుకకు నేటి ఇటుక ఇప్పటికీ అతుకుతుంది. బుడిపెకు బుడిపెకు మధ్య 8 మిల్లీమీటర్లు, ఇటుక ఎత్తు 9.6, పలుచని పలక మందం అందులో సరిగ్గా మూడవ వంతు. ఎనిమిది బుడిపెల ఇటుకలు ఒకే రంగువి ఆరు ఉంటే, వాటిని 91,51,03,765 విధాలుగా కలుపవచ్చునని గణితజ్ఞులు లెక్క తేల్చారు. అన్ని విధాలు ఉండగా, నేను వాడికి చూపించినది ఒక్క గోడ!

ఇక నడిచే ఇంటి నిర్మాణం ప్రారంభమయింది. తక్కువైన ముక్కలు కొత్తవి తెప్పించగా పాతవాటితో చక్కగా కలిసిపోయినవి. రెండు ఇరుసులు వేసి, పళ్లచక్రాలలో కేంద్రానికి పక్కగా ఉన్న రంధ్రాలకు కాళ్లు తగిలించాను. ఎదురెదురు మూలల కాళ్లు జతగా లేవాలి, మిగిలిన జత నేలనంటి ఉండాలి. మొదటిసారి పిడి తిప్పగానే ఇల్లు బోర్లాపడింది. పైకప్పు బరువెక్కి గరిమనాభి పైకి పోయింది. పాదాలు వెడల్పు చేసి, కప్పు తేలిక చేశాను. "ఈ వయసులో ఇదేమిటండీ" అన్న మా శ్రీమతియే గుమ్మం పక్కన ఒక తులసికోట కూడా ఉండాలని సూచించింది. నాలుగవ ఆదివారం నాడు మా ఇల్లు తులసికోటతో సహా భోజనాల బల్లపై ఆరడుగులు నడిచింది.

వేరే ఊరిలో ఉద్యోగం చేస్తున్న అబ్బాయికి ఫోనులో ఆ నడక చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "పునాది ఏదీ నాన్నగారూ?" అని నవ్వాడు. మరచిపోలేదన్నమాట. సంక్రాంతికి వచ్చినప్పుడు ఇద్దరం కలిసి దానికి మెట్లు కట్టాము. ఇల్లు నడుస్తూంటే ఆ మెట్లు ఎక్కేదెవరని నేను అడుగలేదు.

ఈ వ్యాపకం చేపట్టదలచిన మిత్రులకు రెండు మాటలు. ముక్కలను రంగును బట్టి కాక ఆకారాన్ని బట్టి వేరుచేసి ఉంచుకొనండి. ఒకే రంగు కుప్పలో కావలసిన ఆకారాన్ని వెదకుట కష్టం. ఒకే ఆకారం ఉన్న కుప్పలో రంగు ఇట్టే కనబడుతుంది. తాపీపనివారి వలెనే అతుకు మీద అతుకు పడకుండా పేర్చండి. ఇంట్లో చిన్నవారెవరైనా నడిచే ఇల్లో, ఎగిరే ఏనుగో కట్టి తెస్తే, 'ఎందుకు?' అని అడుగకండి. 'ఎలా?' అని అడిగి, పక్కన కూర్చోండి.