ఊరూ వాడా ఎప్పుడు విలీనమైతయి?

సెప్టెంబర్ 17 వస్తే చాలు, పార్టీలకు పూనకం వస్తది. ఒకరికి విమోచనం, ఒకరికి విలీనం, ఇంకొకరికి సమైక్యత. 1948 సెప్టెంబర్ 13న యూనియన్ సైన్యం హైదరాబాద్ రాజ్యంలకు దిగింది, 17న నిజాం లొంగిపోయిండు. జరిగింది ఒక్కటే. దానికి ఏ పేరు పెడితే ఎవరి ఓట్లు రాల్తయన్నదే ఈ కొట్లాట.

2022లో కేంద్రం హైదరాబాద్ పరేడ్ మైదానంలో విమోచన దినం జరిపింది. అదే రోజు రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం జరిపింది. 2023 సెప్టెంబర్ 17న, అసెంబ్లీ ఎన్నికలు దగ్గరపడంగ, కాంగ్రెస్ తుక్కుగూడల సభ పెట్టి ఆరు గ్యారంటీలు ప్రకటించింది. 2024 మార్చిలో, లోక్‌సభ ఎన్నికల షెడ్యూలుకు కొద్దిరోజుల ముందు, కేంద్రం విమోచన దినాన్ని గెజిట్‌ల ఎక్కించింది. ఆ సెప్టెంబర్‌ల రాష్ట్రంలోని కాంగ్రెస్ ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమన్నది. బడిల జెండా ఎగరేసే నాబోటి పంతులు, "సార్, ఈసారి ఏం దినం?" అని పిల్లలడిగితే సర్క్యులర్ చూసి చెప్పాలె.

ఇన్ని పేర్లల్ల మా బతుకేది? మా ముత్తాత దొరకు వెట్టి చేసిండు. చెప్పులు కుట్టిండు, మోటకు తోలు తొండం కుట్టిండు, డప్పు కొట్టిండు, అధికారులొస్తే మూటలు మోసిండు. పైస ముట్టలేదు. పోలీసు చర్య తర్వాతి ముచ్చట మా నాయనమ్మ చెప్పేది: "గడీ ఇడిసి పట్నం ఉరికిన దొర ఖద్దరు టోపీ పెట్టుకొని మల్ల అచ్చిండు బిడ్డా. మనం గాడనే ఉన్నం." లొంగిపోయిన నిజాంను సుత 1950ల రాజప్రముఖ్‌ను చేసిండ్రు. దొర విలీనమైండు, నవాబు విలీనమైండు. మాదిగవాడ విలీనం కాలేదు.

అప్పట్ల దళితులు ఏమనుకున్నరని ఏ పార్టీ అడగదు. దళిత నాయకుడు బి. శ్యాంసుందర్ 1948ల హైదరాబాద్ ప్రతినిధివర్గంతోని ఐక్యరాజ్యసమితికి పోయిండు. ఆయనతో ఏకీభవించాలని నేననను. కానీ ఆయన ఎందుకు అటు నిలబడ్డడని అడిగితే, హిందువులంతా ఒక్కటై విముక్తి పొందిన కథ నిలువదు. సుందర్‌లాల్ కమిటీ లెక్కగట్టిన వేలాది ముస్లింల చావులను తల్చుకుంటే ఏ పండుగా జరుపబుద్ధి కాదు. అందుకే ఆ మాటలు వేదిక ఎక్కవు.

మేం యాదికొచ్చేది ఓటప్పుడే. ప్రత్యేక రాష్ట్రంల తొలి ముఖ్యమంత్రి దళితుడన్నరు. 2014ల కుర్చీల కూసున్నదెవరో అందరికెరుక. మూడెకరాల భూమన్నరు. పది లక్షల దళితబంధు 2021ల హుజూరాబాద్ ఉపఎన్నిక ముంగిట పుట్టింది. భూమి ఏదని అడిగిన మా వాడోళ్లకు ఫ్లెక్సీ చూపెట్టిండ్రు.

నేను డిగ్రీ చదివి, బీఎడ్ చేసి, సర్కారు నౌకరీల చేరి, పనిచేసే ఊర్ల కిరాయి ఇల్లు అడిగితే, "మీరేమిట్లు సార్?" అన్నరు. చెప్పిన. ఇల్లు లేదన్నరు. పలకమీద "సమైక్యత" అని రాయించిన చేతికి ఆ ఊర్ల తాళంచెవి దొరకలేదు. సంస్థానాలు కలిసినయి, రాష్ట్రాలు కలిసి విడిపోయినయి. ఊరికీ వాడకూ నడుమ బాట మాత్రం అట్లనే ఉన్నది.

చదువుకుంటున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! విమోచనమా విలీనమా అన్న పంచాయితీల మనం ఎవరి దిక్కూ సాక్ష్యం చెప్పొద్దు. ఓటడగ వచ్చినోన్ని నిలబెట్టి అడుగుండ్రి: మా వాడకు భూమి ఎన్నెకరాలు? బొందలగడ్డకు జాగ ఏది? ఊర్ల మాకు కిరాయి ఇల్లు ఎప్పుడిస్తరు? జవాబు తెచ్చినంకనే జెండా పట్టుకొని వాడల అడుగుపెట్టుమనుండ్రి.