‘ముగ్గుబొంత’ పంతం నిర్వహణపై సర్వసభ్య సమావేశం తీర్మానం

విజయవాడలో బొంతలు, క్విల్టులు కుట్టే మహిళలం కలిసి నడుపుకుంటున్న మన సంఘం సర్వసభ్య సమావేశం, రానున్న చలికాలంలో సభ్యులందరూ ఒకే గుడ్డతో, ఒకే విషయం మీద తలా ఒక బొంత కుట్టే ‘ముగ్గుబొంత’ పంతం గురించి కూలంకషంగా చర్చించి, కార్యదర్శి ప్రతిపాదించగా, కోశాధికారి బలపరచగా, ఈ కింది విధంగా తీర్మానించడమైనది.

పాత చీరలూ పంచెలూ పొరలుగా పరిచి, అంచు నుంచి అంచుకు రన్నింగ్ స్టిచ్ వేసుకుంటూ పోయే బొంత మన ఇళ్లలో పుట్టిన విద్య. పసిబిడ్డ కింద పరిచే మెత్తటి చిన్న బొంత ఎన్ని ఇళ్లలో లేదు! అయినా కుట్టినవారి పేరు దాని మీద ఎక్కడా ఉండదు. ఈ పరిస్థితి మన ఒక్కరికే పరిమితం కాదు. 1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం పాత అమెరికన్ క్విల్టులను చిత్రాల్లాగా గోడలకు వేలాడదీసినప్పుడు, వాటిలో చాలావాటిని ఎవరు కుట్టారో తెలియదు. 2002లో అదే మ్యూజియంలో అలబామా రాష్ట్రం జీస్ బెండ్‌కు చెందిన నల్లజాతి మహిళల క్విల్టులు కుట్టినవారి పేర్లతో సహా ప్రదర్శనకు వచ్చాయి. పొలం పనుల్లో అరిగిపోయిన ప్యాంట్ల గుడ్డతో కుట్టినవి కూడా వాటిలో ఉన్నాయి. 2006లో వాటి బొమ్మలతో అమెరికా తపాలా శాఖ స్టాంపులు వేసింది. పాతబట్టకు అంత మర్యాద దక్కడంలో పనితనానికి ఎంత పాత్ర ఉందో, పక్కన పేరు ఉండడానికీ అంతే ఉందని ఈ సమావేశం నమ్ముతోంది.

కాబట్టి ఈ పంతంలో మొదటి నియమం పేరు గురించే. ప్రతి బొంత వెనక కింది మూలన, అరచేయంత తెల్లగుడ్డ మీద, కుట్టినవారి పేరు, ఊరు, సంవత్సరం, ఆ బొంతలో ఎవరెవరి బట్టలు కలిశాయో దారంతో కుట్టి ఉండాలి. పెన్నుతో రాస్తే నాలుగు ఉతుకులకు పోతుంది. రాయడం రాని సభ్యురాలు తనకు నచ్చిన గుర్తు కుట్టుకోవచ్చు, పక్కన పేరు ఇంకొకరు కుట్టిపెట్టాలి. పేరు లేని బొంతను పంతం చివర జరిగే ప్రదర్శనకు పెట్టరాదు.

పంతానికి విషయం చుక్కల ముగ్గు. చుక్కలు సమదూరంలో పెట్టి గీత కలుపుకుంటూ పోవడం చిన్ననాటి నుంచి మన చేతులకు తెలిసిన లెక్క. బొంతకు కావలసిందీ ఆ లెక్కే. ఏ ముగ్గు ఎంచుకోవాలన్నది సభ్యురాలి ఇష్టం. ముక్కలు అతికి కుట్టినా, ఒకే గుడ్డ మీద కుట్టు వరుసలతోనే ముగ్గు తేల్చినా సమ్మతమే. పొడవు వెడల్పులు ముప్పై ఆరేసి అంగుళాలు, అంతకు మించరాదు.

అందరి చేతికీ ఒకే గుడ్డ ఇవ్వడమే పంతానికి ప్రాణం. పెడనలో చెక్క అచ్చులతో అద్దిన కలంకారీ నూలు గుడ్డను ఒకే తానులోంచి ఒక్కొక్కరికి అర మీటరు చొప్పున, సంఘం నిధి నుంచి కొని పంచాలి. అది బొంత ముఖం మీద కనీసం అరచేయంత మేర కనబడాలి. మిగతాదంతా ఎవరింట్లో ఉన్న పాత నూలు బట్టలతోనే కుట్టాలి. కొత్తగా కొనరాదు. లోపల పాలియెస్టర్ దూది వద్దు. మూడు నాలుగు పొరల పాత నూలు చీర మన చలికి చాలు, సూదీ సులువుగా దిగుతుంది. రెండు కుట్టు వరుసల మధ్య ఎడం రెండు వేళ్లకు మించితే ఉతికినప్పుడు లోపలి పొరలు ఒకచోట పోగుపడతాయి. ఈ ఒక్క విషయంలో మినహాయింపు ఎవరికీ లేదు.

పంచిన గుడ్డను తడిపి ఆరబెట్టకుండా కత్తెర పెట్టరాదు. నూలు గుడ్డ మొదటి ఉతుకుకు కుదించుకుంటుంది. అంతకుముందే కుట్టేస్తే పక్క ముక్కలను లాగి ముడతలు తెస్తుంది. ఆరాక దాని మీద తడి తెల్లగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టెతో నొక్కి చూడాలి. తెల్లగుడ్డకు రంగు అంటితే మళ్లీ ఉతకాలి. రంగు పోకుండా ఉప్పునీళ్లలో నానబెట్టాం కదా అని ఊరుకోవద్దని సభ్యులకు ప్రత్యేకంగా విజ్ఞప్తి.

ఎవరి బొంత వారు కుట్టుకోవడంతో పాటు, ప్రతి సభ్యురాలూ ఉమ్మడి బొంత కోసం ఒక చదరం కుట్టివ్వాలి. కొలత ఇక్కడే ప్రాణం తీస్తుంది గనుక కాస్త వివరంగా రాయడమైనది. మూడున్నర అంగుళాల ముక్కలు వరుసకు నాలుగు చొప్పున, నాలుగు వరుసలు పావు అంగుళం కుట్టుతో కలిపితే చదరం పన్నెండున్నర అంగుళాలు రావాలి. పక్క చదరాలతో కలిపాక పన్నెండు నిలుస్తుంది. కుట్టు అంగుళంలో పదహారో వంతు ఎక్కువ లోపలికి పోయిందనుకుందాం. కుట్టుకు రెండు వైపులా ముక్కలు తగ్గుతాయి, అడ్డంగా కుట్లు మూడు. చివరికి చదరం అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు పొట్టిదవుతుంది. అది పక్కదానితో ఎంత సాగదీసినా కలవదు. మిషను ఫుట్ అంచు సరిగ్గా పావు అంగుళమని ఎవరూ అనుకోవద్దు. ముందు రెండు పనికిరాని ముక్కలు కలిపి కుట్టి, స్కేలు పెట్టి కొలిచి, మిషను మీద టేపు అంటించుకోవాలి. చేత్తో కుట్టేవారు పెన్సిలు గీత గీసుకుంటే చాలు. ఉమ్మడి బొంత సంఘం గదిలోనే ఉండాలి, ఎవరికీ అమ్మరాదు.

మిషను కుట్టును అనుమతించాలా అన్న దాని మీద చర్చ చాలాసేపు నడిచింది. చేతికుట్టే బొంతకు అందమన్న పెద్దల మాట నిజం. వేళ్ల నొప్పులున్నవారు, ఉద్యోగాలు చేసుకునేవారు మిషను లేకపోతే ఇందులోకి రాలేరన్నదీ నిజమే. ముక్కలు అతకడం మిషను మీద చేయవచ్చుననీ, పొరలు కలిపే కుట్టు మాత్రం చేత్తోనే వేయాలనీ మెజారిటీతో తీర్మానించడమైనది. వేళ్లు సహకరించని సభ్యురాలికి తోడుగా మరొకరు ఆ కుట్టు వేయవచ్చు. అప్పుడు వెనక ఇద్దరి పేర్లూ ఉండాలి.

వీధుల్లో తిరుగుతూ కూలికి బొంతలు కుట్టే మహిళలకు ఈ పనిలో ఉన్న ఒడుపు మనలో చాలామందికి లేదు. గుడ్డ పంచే రోజున వారిలో ఇద్దరిని పిలిచి, పొరలు కదలకుండా నేల మీద పరిచే తీరు, వంగి కూర్చున్నా నడుం పట్టేయకుండా కుట్టే తీరు సభ్యులకు చూపించమని కోరాలి. ఆ రోజు కూలి, దారి ఖర్చులు, భోజనం సంఘం ఇవ్వాలి. ఇష్టపడితే రుసుము లేకుండా సభ్యత్వం ఇవ్వాలి.

ఒకటి రెండు మూడు అని బహుమతులు ఉండవు. ఎవరి బొంత ఎవరికన్నా మేలని తేల్చడం మొదలైతే కొత్తగా సూది పట్టినవారు మరుసటి ఏడు కనబడరు. బహుమతికి బదులు, చీట్లు తీసి ఒక్కొక్కరి బొంతను మరొకరికి అప్పగించాలి. ఆమె దాన్ని ముఖ్యంగా వెనక్కి తిప్పి చూసి, తాను నేర్చుకున్నది ఒక పేజీలో రాయాలి, లేదా చెప్పి రాయించాలి. ఆ పేజీ బొంత కుట్టినవారికే దక్కుతుంది. ప్రదర్శన దాకా ఎవరి ముగ్గు వారు గుట్టుగా ఉంచుకోవాలి. కుట్టు గురించిన సందేహాలు మాత్రం ఎవరినైనా అడగవచ్చు, అడిగినవారికి చెప్పడం అందరి బాధ్యత.

వానల్లో గుడ్డలు ఆరవు గనుక పంపిణీ దసరా వెళ్లాక మొదటి ఆదివారం, ప్రదర్శన భోగికి ముందు ఆదివారం జరగాలి. నెల గంటు పెట్టాక ఇంటి పనులు పెరుగుతాయి కాబట్టి, పొరలు కలిపే దశకు కార్తీకంలోనే చేరుకోవాలని సూచన. గడువు దాటినా పూర్తికాని బొంతను సూది ఉన్నచోటే ఉంచి ప్రదర్శించవచ్చు.

పెడన వెళ్లి గుడ్డ తానును ఎంపిక చేసే పనిని కార్యదర్శితో పాటు కలంకారీ తెలిసిన ఇద్దరు సభ్యులకు అప్పగించడమైనది. నూలు దారం ఎవరికి వారే తెచ్చుకోవాలి. మిషను కుట్టు గురించిన అంశం మినహా తక్కినవన్నీ ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.