పార్సిల్ వచ్చేలోపే పాస్తా!

గత వానాకాలంలో ఒక రాత్రి. డ్యూటీ ముగించుకుని ఎనిమిదింటికి ఇల్లు చేరాను. మా అమ్మాయి పాస్తా కావాలంది. వండే ఓపిక ఎవరికీ లేదు. ఫోన్లో ఆర్డర్ పెట్టేశాం. నలభై నిమిషాల్లో వస్తుందన్న ధీమాతో మా అమ్మ రోజూలాగే భోజనానికి ముందు వేసుకునే షుగర్ మాత్ర వేసేసుకుంది. ఇంతలో వాన పెరిగింది. తొమ్మిదిన్నర దాటినా పార్సిల్ రాలేదు. సోఫాలో కూర్చున్న అమ్మకు ఉన్నట్టుండి చెమటలు పట్టాయి. చేతులు వణికాయి, మాట తడబడింది. గ్లూకోమీటర్‌తో చూస్తే 54. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాం. పావుగంట ఆగి మళ్లీ చూస్తే 82. అమ్మ తేరుకుంది.

రోజూ ఓపీలో ‘వేళకు తినండి’ అని అందరికీ చెప్పే డాక్టర్ ఇంట్లో జరిగిన ముచ్చట ఇది. పార్సిల్ తెచ్చే కుర్రాణ్ని ఏమంటాం? తప్పు మాదే.

కాస్త కుదుటపడ్డాక వంటింట్లోకి వెళ్లి చూశాను. నాలుగు టమాటాలు, రెండు ఉల్లిపాయలు, రెండు క్యారెట్లు, ఒక క్యాప్సికం, పొద్దున గుగ్గిళ్లకని ఉడికించగా మిగిలిన శనగలు ఉన్నాయి. అలమరలో విప్పని పాస్తా ప్యాకెట్టు కూడా ఉంది. పాతిక నిమిషాల్లో అయ్యే వంటకు గంటకు పైగా ఎదురుచూశామన్నమాట!

బయటి తిండి విషమని నేను అనను. పండక్కో పుట్టినరోజుకో తెప్పించుకుంటే తప్పేమీ లేదు. కానీ వారంలో మూడు నాలుగు రాత్రులు అదే ఆనవాయితీ అయితే మూడు విషయాలు మన చెయ్యి దాటిపోతాయి. ఒకటి వేళ, రెండు ఉప్పు, మూడు పరిమాణం. రాత్రి ఎన్నింటికి తింటారని ఓపీలో అడిగితే, ‘ఆర్డర్ ఎప్పుడొస్తే అప్పుడే సార్’ అనే జవాబు ఈమధ్య తరచూ వింటున్నాను. మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం అంచనా వేసింది. మాత్ర వేసుకుని భోజనం కోసం చూసే అమ్మానాన్నలు మా ఇంట్లోనే కాదు, మీ వీధిలోనూ ఉంటారు.

ఇంతకీ పాస్తా మంచిదేనా? ఈ ప్రశ్న చాలామంది తల్లులు అడుగుతుంటారు. నన్నడిగితే అది గోధుమ వంటకం, అంతే. మంచి పాస్తాను డ్యూరమ్ అనే గట్టి రకం గోధుమల రవ్వతో చేస్తారు. వంద గ్రాముల పొడి పాస్తాలో సుమారు 350 క్యాలరీలు ఉంటాయి. ఈ లెక్కలో అది బియ్యానికి దగ్గరగానే ఉంటుంది. ప్రొటీన్ మాత్రం బియ్యంలోకన్నా కొంత ఎక్కువ. పలుకుమీద వారిస్తే తెల్లన్నంకన్నా నెమ్మదిగా అరుగుతుంది, రక్తంలో చక్కెర కూడా అంత వేగంగా పెరగదు. మెత్తగా ఉడికించేస్తే ఆ లాభం తగ్గుతుంది. కొన్ని ప్యాకెట్లలో ఉండేది మైదా. అందుకే కొనేముందు వెనకవైపు ఏం రాశారో చదవండి. రవ్వతో చేసిన దాంట్లోనూ పీచు తక్కువే. ఆ లోటును కూరగాయలు, శనగలతో మనమే పూడ్చాలి.

నలుగురికి 250 గ్రాముల పాస్తా చాలు. ప్యాకెట్టు సగం ఖాళీ చేస్తే చాలన్నమాట. ఒక పొయ్యి మీద పెద్ద గిన్నెలో నీళ్లు తెర్లనిచ్చి పాస్తా వేయండి. రెండో పొయ్యి మీద మూడు చెంచాల నూనెలో నాలుగైదు వెల్లుల్లి రెబ్బలు, ఉల్లిపాయ ముక్కలు వేయించండి. టమాటాలు వేసి మెత్తబడేదాకా మగ్గించండి. ఇంట్లో ఉన్న కూరగాయ ఏదైనా సరే, రెండు కప్పుల ముక్కలు తగ్గకుండా వేయండి. క్యారెట్, బీన్స్, క్యాప్సికం, ఆఖరికి సొరకాయైనా ఫర్వాలేదు. ఉడికిన శనగలు ఒక కప్పు కలపండి. అవి లేకపోతే గుడ్లో, పనీరో వేసుకోవచ్చు.

పాస్తా పలుకుమీద ఉండగానే గంజి వార్చినట్టు వార్చేయండి. ఆ నీళ్లు ఒక కప్పు పక్కన ఉంచి, కూరగాయల్లో పోయండి. చిక్కదనం దాంతోనే వస్తుంది. క్రీము, చీజు వెతుక్కోనక్కర్లేదు. చివర్లో మిరియాల పొడి, కొత్తిమీర. ఉప్పు మొత్తం మీద ఒక్క చెంచాకు మించొద్దు. రోజుకు ఒక మనిషికి ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే సుమారు ఒక చిన్న చెంచా. ఈ వంటలో ఒక్కొక్కరికీ అందులో పావు వంతే వెళ్తుంది. ప్యాకెట్టుతో వచ్చే మసాలా పొడి, సీసాల్లోని సాస్ వాడితే ఈ లెక్క తప్పుతుంది. వాటిలో ఉప్పు ముందే ఉంటుంది.

షుగర్ ఉన్నవాళ్లు ఉడికిన పాస్తా ఒక కప్పు కొలిచి పెట్టుకుని, కూరగాయలు, శనగలు ఎక్కువ వేసుకోవాలి. పక్కన బ్రెడ్డు, బంగాళదుంప వేపుడు పెట్టుకోకూడదు.

‘అంతా బాగుంది డాక్టరుగారూ, ఆ పాతిక నిమిషాలు నిలబడేదెవరు?’ అంటారు ఆడవాళ్లు. న్యాయమైన ప్రశ్న. ఆఫీసు నుంచి ఇద్దరూ అలసిపోయి వచ్చిన ఇంట్లో ఒక్కరే పొయ్యి దగ్గర నిలబడితే ఆర్డర్ పెట్టక ఏం చేస్తారు? మగవాళ్లకు నా మాట ఒకటే. ఉల్లిపాయ తరగడానికి ఎండీ చదవక్కర్లేదు. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా క్యారెట్ తురమగలరు. ఇంటిల్లిపాదీ తలా ఒక చెయ్యి వేస్తే ఆ పని పదిహేను నిమిషాలకు తగ్గుతుంది.

ఏ రోజైనా ఆర్డర్ పెట్టక తప్పకపోతే ఒక్కటి గుర్తుంచుకోండి. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, భోజనానికి ముందు తీసుకునే ఇన్సులిన్ వాడేవాళ్లు కంచంలో తిండి కనిపించాకే వాటి జోలికి వెళ్లాలి. మీ మందు అలాంటిదో కాదో మీ డాక్టర్‌ను అడిగి తెలుసుకోండి. చెమట, వణుకు, తడబాటు కనిపిస్తే, మింగగలిగే స్థితిలో ఉంటే వెంటనే చక్కెర నీళ్లు తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఇప్పుడు మా ఇంట్లో వారానికో రాత్రి పాస్తా వంట నాది. ఎనిమిదిన్నరకల్లా అందరం కంచాల ముందుంటాం. మొదటిసారి తిన్నప్పుడు, ‘ఇదేం రబ్బరురా!’ అంది అమ్మ. ఆ తర్వాతి వారం ఆవాలు, కరివేపాకు తాలింపు పెట్టాను. ఇప్పుడు ఇంకో గరిటె వేయమంటోంది. కూరగాయలైతే వేస్తున్నాను. పాస్తా మాత్రం కప్పు దాటనివ్వడం లేదు!