నిండని గుమ్మి – దిగిపోయినవారి పింఛను



నవంబరు నెల వచ్చిందంటే మన ప్రాంతములో వృద్ధులకు ఒక పని పడుతుంది. తాము ఇంకా బ్రతికే ఉన్నామని రుజువు చేసుకోవాలి. చెన్నూరులో, మందమర్రిలో, రామకృష్ణాపూరులో, బెల్లంపల్లిలో బ్యాంకుల ముందు, వేలిముద్ర యంత్రాల ముందు వారు వరుసలో కూర్చుంటారు. ముప్పయి ఏళ్ళు బాయి దిగి బొగ్గు తట్టలు ఎత్తిన చేతులు అవి. వేళ్ళ మీది గీతలు అరిగిపోయి ఉంటాయి. యంత్రము ఒకసారి పట్టదు, రెండవసారి పట్టదు. వేలు తుడిచి మళ్ళీ పెట్టమంటారు. సాయంత్రానికి పని అయితే అయినట్లు, లేకపోతే మరునాడు మళ్ళీ ఆటో కిరాయి పెట్టుకొని రావాలి.

ఇంత శ్రమపడి తెచ్చుకొనేది ఎంత? ఈ ప్రశ్న గనుల ఊళ్ళలో ఏ ఇంటిలో అడిగినా మొదట ఒక నవ్వు నవ్వుతారు. ఆ తరువాతనే అంకె చెబుతారు. బొగ్గు గనుల పింఛనులో కనీస మొత్తాన్ని నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయించినది 2024లో. అంతకు ముందు అది కూడా లేనివారున్నారు. మన రాష్ట్రములో ఏ చందా కట్టని వృద్ధులకు ఇచ్చే ఆసరా పింఛనును 2019లోనే 2,016 రూపాయలు చేశారు. ఆసరా తీసుకొనేవారిని మేము తక్కువ చేయడము లేదు. అది వారికి రావలసినదే. కాని జీతములో నుండి నెల నెలా కోయించుకొని, చీకటిలో పనిచేసి దిగిపోయిన మనిషికి కనీసముగా దొరికేది అందులో సగము కూడా కాకపోవడము ఎలా జరిగింది? ఈ నెల మన కుటుంబాలతో కలిసి ఈ సంగతి ఆలోచించాలని అనుకుంటున్నాము.

చెన్నూరులో ఒకే వాడకట్టులో మూడు రకాల ఉద్యోగులు ఉంటారు. మొదటివారు 2004కు ముందు చేరిన బడి పంతుళ్ళు, ఆఫీసు ఉద్యోగులు. పూర్తి సర్వీసు చేస్తే వారికి ఆఖరి జీతములో సగము పింఛను. ధరలు పెరిగినప్పుడు కరువు భత్యము, వేతన సవరణ జరిగినప్పుడు పింఛను సవరణ. రెండవవారు 2004 సెప్టెంబరు 1 తరువాత రాష్ట్ర ప్రభుత్వములో చేరినవారు. వీరిది సి.పి.ఎస్. జీతములో నుండి పది శాతము పోతుంది, ప్రభుత్వము తన వాటా కలుపుతుంది, ఆ డబ్బు మార్కెట్టులో పెరిగితే పెరుగుతుంది. ఇంత వస్తుందని ఎవరూ మాట ఇవ్వరు. మూడవవారు సింగరేణి వారు. సింగరేణి కూడా సర్కారు కంపెనీయే, 51 శాతము రాష్ట్రానిది, 49 శాతము కేంద్రానిది. అయినా దాని కార్మికుడి పింఛను వేరే గుమ్మిలో నుండి వస్తుంది.

ఆ గుమ్మి పేరు బొగ్గు గనుల పింఛను పథకము, 1998. దానిని చూసేది ధన్‌బాద్‌లో ప్రధాన కార్యాలయము ఉన్న బొగ్గు గనుల ప్రావిడెంటు ఫండు సంస్థ, మనవారికి తెలిసిన మాటలో సి.ఎం.పి.ఎఫ్. గోదావరిఖనిలో దాని ప్రాంతీయ కార్యాలయము ఉన్నది. 1998 మార్చి 31 నుండి ఈ పథకము అమలులోకి వచ్చింది. చివరి పది నెలల సగటు జీతములో పావు వంతు వరకు పింఛను ఇస్తామని అందులో ఉన్నది. సర్వీసు తక్కువైతే ఆ పావు కూడా తగ్గుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాము. 2000 సంవత్సరములో ఒక పంతులు, ఒక గని కార్మికుడు ఒకే నెలలో దిగిపోయారనుకుందాము. ఇద్దరి జీతము 8,000 అనుకుందాము, ఇద్దరిదీ పూర్తి సర్వీసు. పంతులుకు మొదటి నెల సుమారు 4,000, కార్మికుడికి 2,000. అంతవరకు ఒప్పందములోని తేడా అనుకోవచ్చు. కాని పంతులు పింఛను ఆ తరువాత కరువు భత్యములతో, సవరణలతో ఎన్నో రెట్లు పెరిగింది. కార్మికుడిది? ఇరవై ఐదు ఏళ్ళు గడిచినా ఆ 2,000 దగ్గరనే నిలిచిపోయింది. ఈ పథకములో కరువు భత్యమనే మాట లేదు. నాడు నెలంతా ఇల్లు గడిచిన డబ్బు నేడు బి.పి., షుగరు మాత్రలకే చాలదు. ఆయన కాలము చేస్తే భార్యకు వచ్చేది ఆ నిలిచిపోయిన మొత్తములో ఒక భాగము మాత్రమే.

అలాగని అప్పటి నాయకులు పెంపు గురించి ఆలోచించనేలేదని అనరాదు. మూడేళ్ళకొకసారి నిధిని లెక్క కట్టించి పరిస్థితి చూడాలని పథకములోనే రాసి ఉన్నది. లెక్కలు కట్టించారు కూడా. ప్రతిసారీ తేలింది ఒకటే, లోటు. గుమ్మిలో ఉన్న గింజలు ఇప్పటికే మాట ఇచ్చినవారికి చాలవు, కనుక పెంచడానికి లేదు. పెంచమని అడిగిన వారందరికీ దొరికిన జవాబు ఇదే.

గుమ్మి ఎందుకు నిండలేదు? మొదటినుండి నింపలేదు కనుక. 1998లో కార్మికుడి వాటా, యాజమాన్యము వాటా, కేంద్రము ఇచ్చే నామమాత్రపు వాటా అన్నీ కలిపినా జీతములో ఐదు శాతము నిండలేదు. పింఛనుకు ఎంత కూడబెట్టాలో తెలుసుకోవడానికి ఇటీవలి ఉదాహరణ ఒకటి ఉన్నది. 2025 ఏప్రిల్ 1 నుండి కేంద్ర ప్రభుత్వము తన ఉద్యోగుల కొరకు ఏకీకృత పింఛను పథకము తెచ్చింది. ఇరవై ఐదు ఏళ్ళు పనిచేసినవారికి చివరి ఏడాది సగటు మూల వేతనములో సగము, దానిపై ధరలకు తగిన పెంపు. దీనికి ఉద్యోగి నుండి పది శాతము, ప్రభుత్వము నుండి పద్దెనిమిదిన్నర శాతము, మొత్తము 28.5 శాతము కావాలని వారే లెక్క కట్టుకున్నారు. సగానికి ఇరవై ఎనిమిదిన్నర అయితే పావుకు పద్నాలుగు పైచిలుకు. మన గనులవారికి పావు వంతు మాట ఇచ్చి, ఐదు శాతము లోపే గుమ్మిలో పోశారు. 2017లో కార్మికుడికి ఏడు, యాజమాన్యానికి ఏడు చొప్పున పద్నాలుగు శాతము చేశారు. అంకె అప్పటికి సరైన చోటికి దగ్గరగా వచ్చింది. కాని మధ్యలో పంతొమ్మిది ఏళ్ళు పోయాయి. ఆ పంతొమ్మిది ఏళ్ళలో దిగిపోయినవారికి ఆ పెంపు పనికిరాలేదు.

ఐగుప్తులో యోసేపు సమృద్ధి కాలములో కొట్లు నింపించిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. బొగ్గు గనులకు సమృద్ధి కాలము ఒకటి ఉండింది, మనుషుల లెక్కలో. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైగా కార్మికులు ఉండేవారు. చెన్నూరు చుట్టుపట్ల ఊళ్ళలో బాయి పని లేని ఇల్లు అరుదు. అంతమంది చందా కట్టగల కాలములో పింఛను నిధి లేనే లేదు, 1971 నాటి కుటుంబ పింఛను మాత్రమే ఉండేది. నిధి పెట్టే నాటికి మనుషులు తగ్గడము మొదలైంది. తట్ట, చెమ్మస్ పోయి యంత్రాలు వచ్చాయి. భూగర్భ గనులు మూతపడి ఓపెన్ కాస్టులు తెరుచుకున్నాయి. నేడు సింగరేణిలో పర్మనెంటు కార్మికులు నలభై వేల ప్రాంతములో ఉన్నారు. దేశము మొత్తము మీద కూడా బొగ్గు గనుల పింఛను తీసుకొనేవారు చందా కట్టేవారి కంటే ఎక్కువైపోయారు. పోసే చేతులు తక్కువ, తీసే చేతులు ఎక్కువ.

మరి బొగ్గు తగ్గిందా? అదీ లేదు. 2023-24లో సింగరేణి ఏడు కోట్ల టన్నుల బొగ్గు తీసింది, లక్ష మంది ఉన్న రోజులలో తీసిన దానికి రెండింతలకు మించి. అసలు చిక్కు ఇక్కడ ఉన్నదని మాకు తోస్తున్నది. పింఛను చందాను మనిషి జీతానికి ముడివేశారు, బొగ్గుకు ముడివేయలేదు. మనిషి చేసే పని యంత్రము చేస్తే యంత్రము చందా కట్టదు. మట్టి తీసే ఓబీ పనులు కాంట్రాక్టరుకు ఇస్తే, ఆ కాంట్రాక్టు కార్మికులలో ఎందరి పేరున చందా సరిగా జమ అవుతున్నదో వారి పాసుపుస్తకాలే చెప్పాలి.

అందుకే టన్నుకు ఇంత అని ఇప్పించాలన్న ఆలోచన వచ్చింది. కోల్ ఇండియా, సింగరేణి టన్నుకు 10 రూపాయల చొప్పున ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. ఏడు కోట్ల టన్నులకు పది రూపాయలంటే సింగరేణి నుండి ఏడాదికి 70 కోట్లు. వినడానికి పెద్ద మొత్తమే. టన్ను బొగ్గు అమ్మేది వేల రూపాయలకు అని గుర్తు తెచ్చుకుంటే అంత పెద్దగా కనిపించదు. దారి మంచిది, కొలత చిన్నది అని మా అభిప్రాయము. కార్మిక సంఘాలవారు ఓట్లు అడగడానికి ఇంటికి వచ్చినప్పుడు (గుర్తింపు సంఘము ఎన్నికలు 2023 డిసెంబరులో జరిగాయి) లాభాల వాటా గురించి, దసరా బోనసు గురించి అడుగుతాము. దిగిపోయినవారికి ఓటు లేదు కనుక వారి సంగతి చివరకు పోతుంది. పనిలో ఉన్న కొడుకులు టన్నుకు ఎంత అని అడగాలి. రేపు వారు తీసుకొనే పింఛను కూడా ఈ గుమ్మిలోనిదే.

ఉన్న గింజలకైనా కాపలా సరిగా ఉన్నదా అంటే, అక్కడ కూడా గాయమున్నది. సి.ఎం.పి.ఎఫ్. సొమ్ము కొంత డి.హెచ్.ఎఫ్.ఎల్. అనే గృహ ఋణాల కంపెనీలో పెట్టారు. 2019లో ఆ కంపెనీ కూలిపోయింది. వందల కోట్లు తిరిగి రాలేదు.

సర్కారు బడి పంతుళ్ళ వైపు అంతా బాగున్నదని అనుకోవద్దు. పాత పింఛనుకు అసలు గుమ్మి అన్నదే లేదు. ఏ నెల పింఛను ఆ నెల పన్నులలో నుండి వస్తుంది, ఖజానా గట్టిగా ఉన్నంత కాలము నడుస్తుంది. తెలంగాణలో 2021లో విరమణ వయస్సు 58 నుండి 61కి పెంచారు. దానితో మూడేళ్ళు విరమణలు దాదాపు ఆగి, 2024 మార్చి నుండి ఒక్కసారిగా మొదలయ్యాయి. గ్రాట్యుటీ, కమ్యుటేషను, సెలవుల డబ్బు కొరకు నెలల తరబడి ఎదురుచూసి హైకోర్టు మెట్లు ఎక్కినవారున్నారు. కూతురి పెండ్లి ఆ డబ్బు మీద నిశ్చయము చేసుకున్నవారి అవస్థ చెప్పనలవి కాదు. 2003 డి.ఎస్.సి. పంతుళ్ళది మరొక రకము. ప్రకటన వచ్చింది 2003లో, ఉద్యోగము చేతికి వచ్చింది 2005లో, మధ్యలో 2004 గీత గీశారు. ఆలస్యము సర్కారుది, పోయినది వారి పాత పింఛను.

పింఛను దయతో ఇచ్చే దానము కాదు, చేసిన పనికి హక్కు అని సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న నకారా కేసులో తీర్పు చెప్పింది. పింఛనుదారులు ఆ తేదీని తమ దినముగా జరుపుకుంటారు. హక్కు అని కోర్టు చెప్పవచ్చును. కొట్టు నింపే పని కోర్టు చేయలేదు. (మన సంఘాలలో, మిషను ఆసుపత్రులలో జీవితమంతా పనిచేసి దిగిపోయినవారి సంగతి ఏమిటని మీలో కొందరు అడుగుతారు. అడగవలసిన మాటే. దానికి ఒక నెల వేరుగా కేటాయిస్తాము.)

ఇక ఇంటిలో మన చేతిలో ఉన్న పని ఒకటున్నది. గని కార్మికుడు కాలము చేసిన తరువాత భార్య పింఛను ఆగిపోవడానికి పేరులోని తేడా ఒక పెద్ద కారణము. మన కుటుంబాలలో ఇది మరీ ఎక్కువ. మస్టరులో ఊరి పేరు ఉంటుంది, సంఘ పుస్తకములో బాప్తిస్మపు పేరు ఉంటుంది, ఆధారులో రెండింటిలో ఏదీ కాని మూడవది ఉంటుంది. భార్య పేరు కూడా అంతే, కొన్నిచోట్ల రాయనే లేదు. మారుపేరుతో పనిలో చేరినవారి ఇంటిలో ఇంకా చిక్కు. మనిషి ఉండగా సరిచేయడము పది రోజుల పని. మనిషి పోయాక అది ఏళ్ళ పని, పైగా గోదావరిఖనికి, తహసీలు ఆఫీసుకు తిరగవలసినది ఆమె ఒక్కతే.

కనుక ఈ నవంబరులో వేలిముద్ర వేయడానికి వెళ్ళేవారు పింఛను పత్రము, ఆధారు, బ్యాంకు పుస్తకము మూడూ పక్కపక్కన పెట్టి అక్షరము అక్షరము చూసుకోండి. చదువు రాకపోతే మనుమరాలిని కూర్చోబెట్టి చదివించండి. భార్య పేరు, పుట్టిన తేదీ పింఛను కాగితములో ఉన్నవో లేవో చూడండి. ఖాతా ఒక్కరి పేరున ఉంటే ఇద్దరి పేరున మార్పించండి. పెండ్లి రుజువు అడిగితే దిగులు వద్దు. సంఘములో జరిగిన పెండ్లి రిజిస్టరులో ఉంటుంది. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము కింద రాసిన ఆ నమోదుకు నకలు తీసుకోవచ్చును. పాత రిజిస్టర్లు చెదలు పట్టక ముందే ఆ నకలు రాసి ఇప్పించమని మీ కాపరిగారిని అడగండి. ఆయనకు తీరిక లేదంటే వచ్చే ఆదివారము మళ్ళీ అడగండి.