తెర వెనుక కిటుకులు: బొమ్మరైలుకు మేకప్పు!

పొలంలో నాట్లు వేస్తున్న హీరోయిన్ చీర ఇస్త్రీ నలగదు. గాజులకు బురద అంటదు. అప్పుడు నేల టిక్కెట్టు వాళ్ళలోంచి ఒక ఈల వినబడుతుంది చూశారూ... ఆ ఈలే అసలైన విమర్శ! సెట్టు ఎంత ఖరీదైనదైనా, పని జరిగిన గుర్తు కనబడకపోతే ప్రేక్షకుడు నమ్మడు. సినిమాల్లో బొమ్మరైళ్ళ సంగతీ అంతే.

బస్టర్ కీటన్ ‘ది జనరల్’ (1926)లో మండుతున్న వంతెన మీంచి నిజమైన ఇంజన్నే నదిలోకి పడేశాడు. అందరికీ అంత స్తోమత ఉంటుందా? హిచ్‌కాక్ ‘ది లేడీ వానిషెస్’ (1938) మొదటి షాటులో కనిపించే మంచు ఊరు, స్టేషను అన్నీ బొమ్మలే. ఇప్పుడు చూస్తే ఆ సంగతి ఇట్టే పట్టేస్తాం. మన ‘మాయాబజార్’ (1957)లో మార్కస్ బార్‌ట్‌లే కెమెరా చూపించిన ద్వారకా నగరమూ మినియేచరే. అయినా చూస్తున్నంతసేపూ ఆ ఊసే గుర్తుకు రాదు! బొమ్మను నమ్మించడం ఒక విద్య. ఆ విద్యను ఇంట్లో, బల్లమీద, దుకాణంలో కొన్న రైలింజనుతోనే నేర్చుకోవచ్చు.

ఉదాహరణకు ‘ఫ్లయింగ్ స్కాట్స్‌మన్’ తీసుకోండి. 1923లో ఇంగ్లండులోని డాంకాస్టర్‌లో తయారైన ఇంజను. 1929లో తన పేరుతోనే వచ్చిన ఒక సినిమాలో నటించింది కూడా! హార్న్‌బీ కంపెనీ దీని మోడలును అసలులో 76వ వంతు సైజులో అమ్ముతుంది. అంటే 70 అడుగుల ఇంజను 28 సెంటీమీటర్లయి మీ చేతిలో ఉంటుందన్నమాట. ఆకుపచ్చ రంగు, నిగనిగలాడే మెరుపు... ముద్దుగానే ఉంటుంది. చిక్కల్లా ఆ ముద్దుతోనే! అప్పుడే మేకప్ రూంలోంచి వచ్చినట్టుంటుంది గాని, పరుగెత్తి వచ్చినట్టుండదు.

అందుకని బ్రష్షు పట్టేముందు ఒక ప్రశ్న వేసుకోండి. ఇది ఏ సంవత్సరం, ఏ రోజు ఇంజను? 1924లో దీనికి 4472 నంబరు వచ్చింది. 1943లో యుద్ధకాలం కనుక నల్లరంగు పూశారు. రైల్వేలు జాతీయమయ్యాక నంబరు 60103 అయింది. 1930 ప్రాంతాల్లో షెడ్డు కుర్రాళ్ళు ఎక్స్‌ప్రెస్ ఇంజన్లను గుడ్డలతో తుడిచి తళతళలాడించేవారు. యుద్ధం తర్వాత మనుషులు దొరక్క ఎన్నో ఇంజన్లు మట్టిగొట్టుకుపోయాయి. చూశారా? మెరుపైనా, మురికైనా దాని వెనక ఎవరో ఉన్నారు! ఆ రోజుల నాటి ఫొటో ఒకటి ఎదురుగా పెట్టుకోండి. ఫొటో లేకుండా పూసేది మేకప్పు కాదు, మసి.

మనం 1928 మే 1ని ఎంచుకుందాం. ఆ రోజు ఈ ఇంజను లండన్ నుంచి ఎడిన్‌బరో దాకా 392 మైళ్ళు ఎక్కడా ఆగకుండా వెళ్ళింది. దారిలో సిబ్బంది మారడానికి టెండరు పక్కగా 5 అడుగుల ఎత్తు, 18 అంగుళాల వెడల్పుతో ఒక సందు పెట్టారు. టెండరు అంటే ఇంజను వెనక బొగ్గూ నీళ్ళూ మోసే పెట్టె. దాంట్లో 9 టన్నుల బొగ్గు పడుతుంది. ఎడిన్‌బరో చేరిన ఇంజను టెండరు నిండుగా కనిపిస్తే అది పచ్చి అబద్ధమే కదా! చాలా మోడళ్ళలో ఈ బొగ్గు ప్లాస్టిక్ దిమ్మ. దాన్ని తీసేసి, నిజం బొగ్గును నలగ్గొట్టి జిగురుతో అతికించండి. ఫైర్‌మన్ పారతో తీసేది ముందువైపు నుంచి కనుక అక్కడ తగ్గించి, వెనక ఎక్కువ ఉంచండి. ఈ ఒక్క మార్పుతోనే బొమ్మకు ఒక ప్రయాణం వచ్చేస్తుంది.

తక్కిన పని కూడా ఈ లెక్కనే చెయ్యాలి. ప్రతి మరకకూ ఒక కారణం ఉండాలి. పొగ వెనక్కి పోతుంది కనుక మసి పొగగొట్టం వెనక, క్యాబు కప్పు మీద పడుతుంది. వేన్నీళ్ళ గిన్నె అడుగున తెల్లగా సున్నం పేరుకుంటుందే, అలాంటి చారలే సేఫ్టీ వాల్వుల దగ్గర సన్నగా రావాలి. చక్రాల మీద గోధుమరంగు దుమ్ము, వాటిని తిప్పే కడ్డీల మీద నూనె మెరుపు ఉండాలి. డ్రైవరు పట్టుకునే కడ్డీ మాత్రం చేతులు తగిలి తగిలి నున్నగా ఉంటుంది. దాని జోలికి పోకండి!

పద్ధతి చెబుతాను, వినండి. ముందుగా మెరుపు చంపడానికి మ్యాట్ వార్నిష్ పలచగా కొట్టండి. రంగును బాగా పలచన చేసి పూసి, ఆరకముందే బ్రష్షుతో పైనుంచి కిందికి, వాన కారినట్టు, తుడవండి. అచ్చమైన నలుపు వాడకండి, కాస్త గోధుమరంగు కలపండి. పట్టాను తాకే చక్రం అంచులకు రంగు అంటనివ్వకండి, కరెంటు అందేది అక్కణ్ణుంచే. తొలి ప్రయోగం పాత పెట్టె మీద చెయ్యండి సుమా!

ఇక షాటు! మనిషి కంటి ఎత్తు ఈ సైజులో సుమారు 2 సెంటీమీటర్లు. కెమెరాను అంత కిందికి దించండి. బొమ్మ ఊగినా, పొగ లేచినా గబగబా జరిగిపోతుంది, దాంతో బరువు తెలియదు. అందుకు ట్రిక్ కెమెరామన్ల సూత్రం ఒకటుంది. సైజు ఎన్నో వంతో దాని వర్గమూలంతో ఫ్రేముల వేగాన్ని హెచ్చించాలి. 76కు వర్గమూలం 8.7. సెకనుకు 24 ఫ్రేములు దాదాపు 209 అవుతాయి. ఇవాళ చాలా సెల్‌ఫోన్లలో స్లోమోషన్ 240 దాకా ఉంది. ఒకనాడు స్టూడియోలకే ఉన్న సౌకర్యం మీ జేబులో ఉంది!

“అంత డబ్బు పోసి కొన్నదాన్ని పాడుచేస్తావా? డబ్బాలోనే ఉంచితే రేపు మంచి ధర వస్తుంది” అని ఇంట్లో అంటారు. ధర పడిపోయే మాట నిజమే. పూసిన రంగు మళ్ళీ వెనక్కి రాదు కూడా. అందుకే తొందరపడొద్దు. కానీ ఒక్క సంగతి. మన దేశంలో ఆఖరి బ్రాడ్‌గేజి ఆవిరి ఇంజను 1970లో చిత్తరంజన్‌లో తయారైంది. దానికి ‘అంతిమ్ సితారా’ అని పేరు పెట్టారు. తర్వాత పుట్టినవాళ్ళలో ఎక్కువమందికి ఆవిరి ఇంజనంటే సినిమాయే, బొమ్మే. ఆ బొమ్మలో మసి లేకపోతే నిప్పుల ముందు పార పట్టి నిలబడ్డ ఫైర్‌మనూ లేనట్టే. మీరు అద్దే ఆ కాస్త మసి అతని సంతకం!