చీటీపై లేని పేరు

మదర్సాలో ఒక మాటను ప్రమాణంగా స్వీకరించే ముందు మేము అడిగే ప్రశ్న ఒకటే: ఇది ఎవరి నుండి విన్నారు? ఆయన ఎవరి నుండి విన్నారు? ఈ పరంపరనే మేము సనద్ అంటాము. కీటకశాస్త్రంలోనూ దీనికి దగ్గరి నియమం ఒకటి ఉన్నదని చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగింది. సూదికి గుచ్చి భద్రపరచిన పురుగుతో పాటు ఒక చిన్న చీటీ ఉంటుంది. అది ఎక్కడ దొరికిందో ఆ చీటీ చెబుతుంది. చీటీ పోయిన పురుగు ఎంత అందమైనదైనా శాస్త్రానికి కొరగానిదే.

ఆ చీటీ విలువను ఎరిగినవాడు ఇంగ్లండుకు చెందిన ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్. ఆయన 1854లో సింగపూరులో ఓడ దిగినాడు. ధనవంతుడు కాడు. పట్టిన నమూనాలను లండనుకు పంపి, అమ్మగా వచ్చిన సొమ్ముతోనే జీవనం. మలయ్ ద్వీపాలలో ఎనిమిదేళ్లు తిరిగి 1,25,660 నమూనాలు సేకరించినాడు. అందులో పెంకుపురుగులే 83,200.

ఒక్కో ద్వీపం ఒక్కో పాఠం నేర్పింది. బోర్నియోలోని సారవాక్‌లో బొగ్గు గని కోసం అడవి నరుకుతుండగా, పడిన మానుల మీదికి పెంకుపురుగులు గుంపులుగా చేరేవి. అక్కడే ఒక కొండ మీది కుటీరంలో, దీపం పెట్టిన వసారాలో 26 రాత్రులు కూర్చుని 1,386 దీపపు పురుగులను పట్టినాడు. వాటిలో 800కు పైగా కేవలం నాలుగు రాత్రులలో దొరికినవే. ఆ నాలుగూ చిమ్మచీకటి, జోరువాన రాత్రులు! సులవేసిలో మగ్గి కుళ్లిన పనసపండ్లే ఆయనకు ఎర అయినవి. అరూ ద్వీపాలలో మాత్రం పురుగులే ఆయనను పట్టినవి. కాట్లు పుండ్లుగా మారి, నడవలేక ఇంటిలో పడి ఉండవలసివచ్చింది. న్యూగినీలో చీమలు కళ్లముందే నమూనాలను ఎత్తుకుపోయినవి.

ప్రతి నమూనాకు ద్వీపం పేరు రాసిన చీటీ తగిలించడం ఆయన అలవాటు. ఏ ప్రాణి ఏ ద్వీపానిదో ఇంత జాగ్రత్తగా గుర్తుంచుకున్నందువల్లనే ఒక రహస్యం బయటపడింది. బాలి, లొంబోక్ ద్వీపాల నడుమ ఉన్నది ఒక ఇరుకు జలసంధి మాత్రమే. అయినా ఆ దరి పక్షులు ఆసియావి, ఈ దరి అనేక పక్షులు ఆస్ట్రేలియా వైపువి. ఆ సరిహద్దును నేటికీ వాలెస్ రేఖ అంటారు.

అయితే ఆ చీటీ ఒక్క విషయం చెప్పదు. పట్టినదెవరు?

1855లో సారవాక్‌లో వాలెస్ అలీ అనే మలయ్ బాలుణ్ణి పనికి కుదుర్చుకున్నాడు. అతనితో మాట్లాడుతూనే యజమాని మలయ్ భాష నేర్చుకున్నాడు. అలీ పక్షులను వేటాడటం, చర్మం వలిచి భద్రపరచడం అభ్యసించి, తరువాత ఇతరులకూ నేర్పినాడు. వాలెస్ జ్వరాలతో మంచం పట్టినప్పుడు సేవ చేసినాడు. 1858లో బచాన్ ద్వీపంలో అంతవరకు శాస్త్రం ఎరుగని ఒక స్వర్గపక్షిని తెచ్చి చూపినవాడూ అలీయే. ఆ పక్షికి శాస్త్రీయ నామంలో స్థిరపడిన పేరు మాత్రం వాలెస్‌ది.

అదే ద్వీపంలో బంగారు నారింజ వన్నె గల ఒక పెద్ద సీతాకోకచిలుక మగదానిని స్వయంగా పట్టిన రోజున వాలెస్‌కు గుండె దడదడలాడి, మిగిలిన దినమంతా తలనొప్పి పీడించిందట. ఆ సంతోషాన్ని తన గ్రంథంలో వర్ణించినాడు. ఆ తరువాత ఆయన పనివాడు ఒకడు వల పట్టుకుని రోజూ వాగు వెంట వెళ్లి ఒకటో రెండో తెచ్చేవాడు. చివరకు వందకు పైగా పోగయినవి. ఆ పనివాడికి ఎన్నిసార్లు గుండె దడదడలాడిందో ఎవరు రాశారు?

న్యాయంగా చెప్పాలంటే వాలెస్ కృతఘ్నుడు కాడు. 1862లో సింగపూరులో విడిపోయే వేళ అలీకి ధనము, తుపాకులు ఇచ్చినాడు, ఫొటో తీయించినాడు. వృద్ధాప్యంలో రాసిన ఆత్మకథలో అతని విశ్వాసపాత్రతను మెచ్చుకుని ఆ చిత్రాన్ని ముద్రించినాడు. 1907లో తెర్నాతె ద్వీపానికి వెళ్లిన థామస్ బార్బర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుని ఎదుట ఒక ముడతలు పడిన వృద్ధుడు వచ్చి నిలిచి, తాను అలీ వాలెస్‌నని చెప్పుకున్నాడు. యజమాని పేరును తన పేరుకు చేర్చుకున్నాడు! వేల చీటీలపై తన పేరు లేని మనిషి, ఆ పనిలో తనకూ భాగమున్నదని చెప్పుకోవడానికి మిగిలిన మార్గం అదొక్కటే కాబోలు.

ప్రియ పాఠకులారా, ఇది రాస్తుండగా నా కలం ఆగింది. కొన్నేళ్లుగా ఈ శీర్షికకు నేను గీకిన గజిబిజి రాతను శుభ్రప్రతి తీసి, తప్పులు చూపి, తపాలాకు చేర్చేది నా విద్యార్థి ఒకడు. సనద్ గురించి అతనికి పాఠం చెప్పిన నేను, ఈ వ్యాసాల వెనుక అతని చేయి ఉన్నదని ఎవరితోనూ అనలేదు. రేపు తరగతిలో అందరి ఎదుట అతని పేరు చెప్పబోతున్నాను. మీ ఇంటిలోనూ ఒకసారి చూసుకోండి. విందు మెచ్చుకున్నప్పుడు వండిన చేతుల పేరు, పిల్లవాడు ఉత్తీర్ణుడైనప్పుడు రాత్రులు మేలుకుని చదివించిన అక్క పేరు ఎవరైనా పలికారా?